బొమ్మల వరుస: ప్రదర్శనలో చిత్రం చేతికందే తీరు

కథ చెప్పేవానికి మాట నాలుక చివరనే ఉంటుంది. బొమ్మ చూపి కథ చెప్పేవానికి ఆ వెసులుబాటు లేదు. బొమ్మ ఒక వస్తువు. అది ఒకచోట ఉండాలి, అక్కడినుంచి చేతిలోకి రావాలి, చేతిలోనుంచి తెరమీదికి ఎక్కాలి. గాయకుడు హనుమంతుని పేరెత్తేసరికి హనుమంతుడు తెరమీద ఉండాలి. అప్పుడు గంప వెదుక్కుంటూ కూర్చుంటే పద్యం చల్లారిపోతుంది. ప్రేక్షకుడు తుండు దులుపుకొని లేచిపోతాడు.

మన కళాచరిత్రకారులు బొమ్మల అందాన్ని గురించి, రంగులను గురించి, వాటి వెనుకనున్న పురాణగాథలను గురించి విరివిగానే వ్రాశారు. ఆ బొమ్మలను కథకులు ఎట్లా సర్దుకున్నారు, కావలసినదాన్ని కావలసిన క్షణంలో ఎట్లా అందుకున్నారు అన్న విషయం మాత్రం వారి దృష్టికి అంతగా రాలేదు. అది తెరవెనుక పని, సామాను సర్దుకొనే పని అని కాబోలు, చాలామంది దానిని దాటిపోయారు. నిజానికి ప్రదర్శన నిలిచేదీ పడిపోయేదీ అక్కడే.

ఈ ప్రశ్న నేడు కొత్త వేషంలో మన ముందుకు వచ్చింది. సంగీత ప్రదర్శన సాగుతున్నంతసేపూ కంప్యూటరు ముందు నిలిచి, పాటకూ తాళానికీ తగిన దృశ్యఖండాలను అప్పటికప్పుడు ఎంచి, కలిపి, పెద్ద తెరమీద చూపే కళాకారుని ‘వీజే’ అంటున్నారు. టెలివిజన్‌లో పాటల నడుమ కబుర్లు చెప్పే వ్యాఖ్యాతలకు కూడా ఈ పేరే ఉన్నది గాని, ఇక్కడ మనకు కావలసినది తెరను నడిపే ఈ వీజే. వేల దృశ్యఖండాలను చెంత ఉంచుకొని, వాటిలో ఒకదానిని క్షణంలో తెరమీదికి తేవడం అతని విద్య. ఈ విద్యకు మన నేలమీద చాలా పాత వంశవృక్షం ఉన్నది. దానిని తెలుసుకొనడం కేవలం కుతూహలం కోసం కాదు. మన కళాసంపదను ఏ రూపంలో భద్రపరచాలి అన్న నిర్ణయం దానిమీద ఆధారపడి ఉన్నది.

పతంజలి పేర్కొన్న మూడు దారులు

క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దికి చెందిన పతంజలి తన మహాభాష్యంలో ఒక వ్యాకరణ సమస్యను చర్చిస్తాడు. కంసవధ ఏనాడో జరిగిపోయింది గదా, అయినా కంసుని చంపిస్తున్నారని వర్తమానంలో ఎట్లా అంటారు? ఈ చర్చలో ఆయన ముగ్గురిని పేర్కొంటాడు. శోభనికులు కళ్ళెదుట కంసుని చంపిస్తారు. చిత్రాలలో ఎత్తిన ఆయుధాలూ పడుతున్న దెబ్బలూ కనిపిస్తాయి. గ్రంథికులు మాటలతోనే ఆ సంగతిని మన మనసులో నిలుపుతారు. ఈ శోభనికులు ఎవరన్నది పండితుల మధ్య తెగని వివాదం. వారు ఛాయానాటకం ఆడించినవారని జర్మన్ పండితుడు హైన్రిఖ్ లూడర్స్ 1916లో వాదించాడు. నటులని, మూకాభినయం చేసేవారని మరికొందరు అన్నారు. వివాదం ఎట్లా తీరినా, కథను కళ్ళకు కట్టించడానికి కదిలే రూపం, గీసిన చిత్రం, మాట అనే మూడు దారులు ఆనాటికే వేరువేరుగా గుర్తింపు పొందాయన్నది స్పష్టం.

ఛాయానాటక ప్రాచీనతను గురించి మాట్లాడే పండితులు ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లా రామగఢ్ కొండను తప్పక తలచుకుంటారు. అక్కడి సీతాబెంగా గుహను 1903-04లో పరిశీలించిన థియొడోర్ బ్లాఖ్ దానిని ప్రాచీన నాట్యశాలగా భావించాడు. మెట్లవలె తొలిచిన ఆసనాలూ, ముఖద్వారం వద్ద నేలలో తెరగుంజలకోసమా అన్నట్లున్న రంధ్రాలూ ఆయన ఊహకు ఆధారాలు. పక్కనున్న జోగీమారా గుహలోని బ్రాహ్మీ శాసనం సుతనుక అనే దేవదాసిని, ఆమెను ప్రేమించిన దేవదిన్నుడనే వారణాసి రూపదక్షుని పేర్కొంటుంది. రూపదక్షుడంటే శిల్పియా, చిత్రకారుడా, వేషధారియా అన్నది నేటికీ చర్చనీయాంశమే. రూపాలలో నేర్పరి అన్న ఆ పేరు మాత్రం మన విషయానికి చక్కని శీర్షికవలె ఉన్నది.

ఏడవ శతాబ్దినాటికి ఈ నేర్పరి రూపం మరింత స్పష్టమవుతుంది. బాణభట్టు హర్షచరిత్రలో, తండ్రి జబ్బు పడినాడని విని రాజధానికి తిరిగివస్తున్న హర్షునికి అంగడి వీధిలో యమపట్టికుడు కనిపిస్తాడు. చుట్టూ పిల్లలు మూగి ఉంటారు. కర్రకు వేలాడదీసిన పటాన్ని ఎడమచేత పట్టుకొని, కుడిచేతి పుల్లతో బొమ్మలు చూపుతూ అతడు పరలోకవృత్తాంతం చెబుతుంటాడు. ఒక చేయి చిత్రాన్ని నిలుపుతుంది, మరొక చేయి చూపును నడుపుతుంది. బొమ్మలతో కథ చెప్పేవారి పనిలో ఈ రెండు చేతుల పంపకం నేటికీ మారలేదు.

ఒక్క తంబురా, అన్ని రూపాలు

ఛత్తీస్‌గఢ్‌లోనే ఈ సమస్యకు మరొక పరిష్కారం ఉన్నది. రాయ్‌పూర్‌కు దక్షిణాన అభన్‌పూర్ వద్ద ధమ్తరీ, రాజిమ్ దారులు చీలుతాయి. రాజిమ్‌లో మహానది, పైరీ, సోంఢూర్ నదుల సంగమం వద్ద మాఘపూర్ణిమకు పెద్ద మేళా జరుగుతుంది. నాచా, పండవాని వంటి జానపద కళలకు ఈ మైదానప్రాంతం పుట్టినిల్లు. భిలాయి, రాయ్‌పూర్ ప్రాంతాలలో ఉద్యోగాలకు, వ్యాపారాలకు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ కళలు పరిచితమే.

పండవాని పేరుకు తగినట్లు పాండవుల కథ. గాయకుని చేతిలో నెమలి ఈకలతో అలంకరించిన తంబురా ఒక్కటే ఉంటుంది. కూర్చొని పాడే వేదమతి శైలిలో అది ప్రధానంగా వాద్యమే. లేచి నిలిచి అభినయించే కాపాలిక శైలిలో మాత్రం ఆ తంబురాయే భీముని గద, అర్జునుని విల్లు, ద్రౌపది కేశపాశం. 2019లో పద్మవిభూషణ్ అందుకొన్న తీజన్‌బాయి ప్రదర్శనలు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తంబురా భుజంమీదికి పోయేసరికి ప్రేక్షకునికి గద కనిపిస్తుంది. కిందికి దిగేసరికి గద మాయమవుతుంది.

వెదకవలసిన బొమ్మలేదు గనుక ఇక్కడ ఆలస్యమనే మాటే లేదు. చిత్రభాండారమంతా ప్రేక్షకుని మనసులో ఉన్నది; తంబురా దాని తాళపుచెవి. అయితే ఈ పద్ధతి ప్రేక్షకునికి కథ ముందే తెలిసిఉంటేనే చెల్లుతుంది. భీముడెవరో తెలియని వానికి తంబురా తంబురాగానే కనిపిస్తుంది. కనుకనే రూపాన్ని నిజంగా చూపవలసి వచ్చిన కథకులు బొమ్మలను మోసుకొని తిరిగారు. మోసుకొని తిరిగిన ప్రతివానికీ సర్దుబాటు సమస్య ఎదురైంది. ఆ సమస్యకు తెలుగునాట రెండు సమాధానాలు దొరుకుతాయి. ఒకటి తెలంగాణలోని చుట్టపటం, రెండవది ఆంధ్రలో ప్రసిద్ధమైన తోలుబొమ్మలాట.

చుట్టిన కథ

నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారుల ఊరుగా ప్రసిద్ధి. ఖద్దరుగుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, బంక కలిపి పూతపూసి, ఆరిన తరువాత దానిమీద ఎర్రని నేపథ్యంలో కథను అడ్డుపట్టీలుగా చిత్రిస్తారు. సుమారు గజం వెడల్పు, పదుల అడుగుల పొడవుగల పటాలు వీరు వ్రాశారు. పైన వినాయకుడు, సరస్వతి, కింద కథాక్రమం. పట్టీకీ పట్టీకీ మధ్య పూలతీగ హద్దు. ఈ పటాలను వ్రాయించుకొనేవారు ఆశ్రిత కులాల కథకులు. పద్మశాలీలకు మార్కండేయపురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు వారిలో కొందరు.

పటం చుట్టలో ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. చిత్రకారుడు గీసేటప్పుడే వరుస నిర్ణయమైపోయింది. ఇక కథకుడు దానిని మరచే ప్రమాదం లేదు. ఒక పట్టీ ముగియగానే మరొకటి దానంతట అదే బయటికి వస్తుంది. బొమ్మ పోదు, తారుమారు కాదు. వంశంలో కొత్తగా కథ నేర్చేవానికి పటమే పాఠ్యగ్రంథం. చుట్ట విప్పుతూ పోతే కథ జ్ఞాపకం వస్తుంది.

ఆ సౌకర్యానికి మూల్యం కూడా ఉన్నది. పదో పట్టీలో ఉన్న కథకుడు రెండో పట్టీని మళ్ళీ చూపాలంటే ఎనిమిది పట్టీలు వెనుకకు చుట్టాలి. ఊరిపెద్ద ఫలానా ఘట్టం చెప్పమని అడిగితే పటం దానికి అంత సులభంగా లొంగదు. అందువల్ల పటంకథలో దాటవేతలు, కోరికమీద చెప్పే ఘట్టాలు కథకుని మాటలో జరుగుతాయేగాని పటంమీద జరగవు.

మహారాష్ట్రలోని పింగుళి చిత్రకథీలు దీనికి మధ్యేమార్గం కనుగొన్నారు. వారు కథను విడి కాగితాలమీద చిత్రించి, రెండేసి కాగితాలను వీపులు కలిపి అతికించి, కథకొక కట్టగా ఉంచుకుంటారు. ఒకటి చూపి తిప్పితే వెనుకవైపు రెండవది సిద్ధం. వరుస ఉన్నది, అవసరమైతే ఆ వరుసను తప్పించే స్వేచ్ఛా ఉన్నది. ఈ చిత్రకథీల ఠాకర్ సమాజమే తోలుబొమ్మలు కూడా ఆడించడం గమనింపదగిన విషయం. చుట్టనుంచి కట్టకు, కట్టనుంచి గంపకు ప్రయాణించిన ఆలోచన ఒక్కటే.

తోలుబొమ్మల గంప

తోలుబొమ్మలాట తెలుగువారికి ఎంత పాతదో చెప్పడానికి పదమూడవ శతాబ్ది పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రలోని ప్రస్తావన చాలు. ఆడించేవారు ఎక్కువగా ఆరెకాపు కుటుంబాలవారు. ఇంట్లో మరాఠీకి చెందిన మాట, తెరమీద తెలుగు పద్యం. నేటి శ్రీసత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట, కాకినాడ సమీపంలోని మాధవపట్నం ఈ కళకు పేరుపొందిన ఊళ్ళలో చేరినవి. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

ఒక మేళం దగ్గర వందకు పైగా బొమ్మలుండడం విశేషమేమీ కాదు. కొన్ని ఆడించేవాని ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. పలుచగా చేసిన తోలుకు రెండువైపులా రంగులు వేసి, చిన్నచిన్న రంధ్రాలతో నగలు తీర్చి, నిలువునా బద్ద కట్టి, చేతులకు వేరే పుల్లలు తగిలిస్తారు. వెనుకటికాలంలో ఆముదపు దీపాలు, తరువాత పెట్రోమాక్సు లైట్లు, ఇప్పుడు విద్యుద్దీపాలు. ఎనిమిది పదిమంది మనుషులు, ఒక తెర, రాత్రంతా సాగే కథ. ఇంతమంది దేవతలు, రాక్షసులు, కోతులు, రాజులు ఎక్కడ కాచుకొని ఉంటారు? పిలిచినప్పుడు ఎట్లా పలుకుతారు?

మొదటి సమాధానం పెట్టెలోనే ఉన్నది. బొమ్మలను మడత పడకుండా ఒకదానిమీద ఒకటిగా పరచి గంపలోనో పెట్టెలోనో ఉంచుతారు. దేవతలను రాక్షసులతో కలపకుండా వేరుచేసి ఉంచే ఆచారం దక్షిణాది మేళాలలో కనిపిస్తుంది. రాముడూ రావణుడూ ఒకచోట ఉంటే పెట్టెలోనే యుద్ధం జరుగుతుందని నమ్మకం. నమ్మకానికి భక్తి ఒక కారణమైతే, వాడుక మరొక కారణం కావచ్చు. చీకట్లో చేయి చాపినప్పుడు రాక్షసపక్షం ఏ వైపున ఉన్నదో కంటితో చూడకుండానే తెలియాలి గదా. ఆట వినాయకస్తుతితో మొదలవుతుంది గనుక వినాయకుడు అందరికంటె ముందు చేతికి రావాలి. పూజాక్రమమే సర్దుబాటు క్రమమైంది. ఆచారంగా మారిన వరుసను ఎవరూ మరచిపోరు. మనవడు కూడా తప్పకుండా అట్లాగే సర్దుతాడు.

రెండవ సమాధానం ఎంపికలో ఉన్నది. ఆ రాత్రి ఆడేది విరాటపర్వమైతే లంకాదహనం బొమ్మలతో పనిలేదు. కథకు కావలసినవాటిని ముందుగా ఏరి వరుసపెట్టుకుంటారు. వంద బొమ్మలు పాతిక ముప్ఫయిగా కుదిస్తే చేయి తడబడదు. పేరులేని సేవకులు, సైనికులు, స్త్రీలు ఒక కథలో ఒక పేరుతోను మరొక కథలో వేరొక పేరుతోను నడుస్తారు. రెండువైపులా రంగు ఉన్నందువల్ల ఒకే బొమ్మ తిప్పినంతమాత్రాన కుడికీ ఎడమకూ చూడగలదు. అందుచేత మేళం మోసే బరువు సగం తగ్గింది.

మూడవది దీనికి విరుద్ధంగా కనిపించే ఉపాయం. ప్రధానపాత్రలకు ఒకటికి మించి బొమ్మలుంటాయి. హనుమంతుడు చిన్నవాడుగా ఒకటి, పెద్దవాడుగా మరొకటి. కూర్చున్న రాజు వేరు, యుద్ధం చేసే రాజు వేరు. ఒకే బొమ్మను ఆట మధ్యలో మార్చి తీర్చుకొనే తీరిక ఉండదు గనుక, పెట్టెలో చోటు ఖర్చుచేసి తెరమీద సమయం మిగుల్చుకుంటారు. చోటుకూ సమయానికీ మధ్యనున్న ఈ బేరాన్ని మన మేళగాళ్ళు ఏ లెక్కా వ్రాయకుండానే తేల్చుకొన్నారు.

నాలుగవది ముల్లు. తుమ్మముల్లుతోనో ఈతముల్లుతోనో బొమ్మను తెరకు గుచ్చి నిలపడం ఈ ఆటలో మామూలు. రావణసభ తీరినప్పుడు కొలువులోని వారు ముళ్ళమీద నిలిచి ఉంటారు. మాట్లాడేవాని బొమ్మ ఒక్కటే చేతిలో ఆడుతుంది. తెరయే కొంతసేపు భాండారమవుతుంది. ఒక మనిషి రెండుచేతులతో పదిమంది సభను నడపగలగడం ఈ చిన్న ముల్లు చేసిన మేలు.

ఐదవది కాలాన్ని కొనుక్కొనే నేర్పు. గాయకుడు రాగం సాగదీస్తాడు. కాలికింద చెక్కపలకలు చప్పుడవుతాయి, మద్దెల మోగుతుంది. అంతలో తెరవెనుక తరువాతి బొమ్మ సిద్ధమవుతుంది. మరికొంత వ్యవధి కావాలంటే కేతిగాడూ బంగారక్కా జుట్టుపోలిగాడూ ఉండనే ఉన్నారు. వారి మోటహాస్యాన్ని పండితులు ప్రేక్షకుల నిద్రమత్తు వదలించే సాధనంగా వర్ణించారు. అది నిజమే. అయితే ఆ హాస్యం జరుగుతున్నంతసేపు వెనుక మేళానికి ఊపిరి తీసుకొనే, వరుస సరిచూసుకొనే అవకాశం దొరుకుతుందన్న సంగతీ గుర్తించాలి. కేతిగాడికి ఏ కథలోనైనా ఎప్పుడైనా ప్రవేశం ఉన్నది. వాడు ఎప్పుడూ చేతికందే చోటనే ఉండవలసిన బొమ్మ.

ఇన్నింటికీ మూలసూత్రం పద్యం. మేళాలు పదమూడవ శతాబ్దిలో గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథ రామాయణపు ద్విపదను తమ కథకు ఆధారంగా వాడుకున్నాయి. ద్విపద వరుస కంఠస్థమైనవానికి రాబోయే పాత్ర ఎవరో రెండు చరణాలు ముందే తెలుసు. బొమ్మ అందించే పిల్లవాడు పెట్టెను చూడడు, పాటను వింటాడు. ఆ మేళంలో బొమ్మల సూచీ అతని చెవిలో ఉన్నది.

తెర పక్కన నిలిచిన సేన

జావా ద్వీపపు వాయాంగ్ ఛాయానాటకం రామాయణ భారతాలను మనతో పంచుకొన్నది. 2003లో యునెస్కో దానిని మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించింది. అక్కడ దాలాంగ్ అనే ఒక్క సూత్రధారుడే రాత్రంతా అన్ని బొమ్మలనూ ఆడిస్తాడు, అన్ని గొంతులతో పలుకుతాడు. కనుక సర్దుబాటు మరింత కట్టుదిట్టంగా సాగింది. తెరకింద అడ్డంగా పరచిన అరటిబోదెలో, కుడిఎడమల రెండు వరుసలుగా బొమ్మలను గుచ్చి నిలుపుతారు. మధ్యనుంచి అంచులకు పోయేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది. స్థూలంగా ఉత్తములు ఒకవైపు, ఉద్ధతులు మరొకవైపు. ఆ రాత్రి కథలో అడుగుపెట్టేవారిని ఈ అలంకార వరుసలో కాక, చేతి దగ్గర పెట్టెలోను, దాని మూతమీదను వేరుగా ఉంచుతారు.

ఇందులో మనం నేర్వవలసినది ఒకటున్నది. జావాలో ఈ వరుసకు పేరున్నది, నియమమున్నది, శిష్యులకు నేర్పే పాఠమున్నది. దాలాంగ్‌విద్యలో బొమ్మలను నిలపడం కూడా ఒక భాగం. మన మేళాలలో అదే జ్ఞానం ఇంటిపనిలో కలిసిపోయి, పేరులేకుండా ఉండిపోయింది. పేరులేనిదానిని ఎవరూ వ్రాసిపెట్టరు.

గాజుపలకలనుంచి గడులదాకా

యంత్రం వచ్చినతరువాత కూడా ఈ కథ కొనసాగింది. మహారాష్ట్రలోని కల్యాణ్‌కు చెందిన మహాదేవ్ గోపాల్ పట్వర్ధన్ 1892 నుంచి శాంబరిక్ ఖరోలికా పేరుతో మాంత్రికదీప ప్రదర్శనలు ఇచ్చాడు. గాజుపలకలమీద చేతితో చిత్రించిన పాత్రల భంగిమలను ఒకటికంటె ఎక్కువ దీపయంత్రాలతో వెంటవెంట చూపి, పాటతోను మాటతోను కదలిక భ్రమ కలిగించేవాడు. ఆయన కుమారులు కూడా ఆ పని కొనసాగించారు. పలక వరుస ఒక్కటి తప్పితే నిలిచినవాడు కూర్చోకుండానే పడుకుంటాడు. ఇక్కడ కూడా చీకట్లో చేతికి తెలిసిన వరుసే ప్రదర్శనకు ప్రాణం.

1960ల చివర అమెరికా సంగీతశాలలలో రంగుద్రవాలూ స్లైడులూ కలిపి తెరమీద ఆడించిన దృశ్యబృందాలు వెలిశాయి. న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్‌లో 1968 నుంచి పనిచేసిన జాషువా లైట్ షో వాటిలో పేరెన్నికగన్నది. తరువాత వీడియో టేపు వచ్చింది. టేపు మళ్ళీ మన చేర్యాల చుట్టవంటిదే. కావలసినచోటికి పోవాలంటే తిప్పాలి. నేర్పరులు ముందుగానే టేపులను ఆయాచోట్ల నిలిపి ఉంచుకొనేవారు. కంప్యూటరు చుట్టను గంపగా మార్చింది. నేటి వీజేలు వాడే రిజోల్యూమ్ వంటి సాధనాలలో తెరమీద గడులుంటాయి. అడ్డువరుస ఒక పొర; నిలువువరుస ఒక సన్నివేశం. ప్రతి గడిలో ఒక దృశ్యఖండం, దానిపైన దాని చిన్నబొమ్మ. గడిని తాకితే దృశ్యం తెరమీదికి వస్తుంది. నిలువువరుసను తాకితే పొరలన్నీ కలిసి ఒకేసారి కొలువు తీరుతాయి. ముళ్ళతో గుచ్చి నిలిపిన రావణసభ గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

పోలిక ఇంకా లోతుకు పోతుంది. మామూలు వీడియో దస్త్రంలో చాలా చిత్రాలను పూర్తిగా దాచరు. ముందు చిత్రానికీ దీనికీ ఉన్న తేడాను మాత్రమే దాస్తారు. చోటు కలిసివస్తుంది. కాని నడిమధ్యకు దూకాలంటే వెనుకనుంచి లెక్కకట్టుకొని రావాలి. ప్రదర్శనకోసం తయారుచేసే దస్త్రాలలో ప్రతి చిత్రాన్నీ విడిగా, దాని మట్టుకది పూర్తిగా దాస్తారు. దస్త్రం బరువెక్కుతుంది, దూకడం క్షణంలో అవుతుంది. ఒక్క హనుమంతునికి మూడు బొమ్మలు కోసుకొన్న మేళగాడు చేసిన బేరం ఇదే.

ఆ కళాకారుల అనుభవం కూడా పాత మేళాల పాఠాన్నే మళ్ళీ చెబుతున్నది. వేల దృశ్యాలున్నంత మాత్రాన ప్రదర్శన కాదు. ఆ రాత్రికి కావలసిన కొద్దింటిని ముందుగా ఏరుకోవాలి. సంఖ్యతో కాక, భావంతోను వేగంతోను రంగుతోను వర్గీకరించుకోవాలి. ఎప్పుడు వేసినా చెల్లే కొన్ని దృశ్యాలను కేతిగాడివలె చేతి దగ్గర ఉంచుకోవాలి. గడుల చోటు మాటిమాటికీ మార్చరాదు. చేతికి అలవాటైన చోటు కంటికంటె నమ్మదగినది.

విడిపోయిన వరుస

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తోలుబొమ్మలాటకు ప్రేక్షకులు తగ్గినకొద్దీ కళాకారులు బతుకుతెరువుకోసం దీపపు తొడుగులు, గోడబొమ్మలు, తలుపు తెరలు చేయడం ప్రారంభించారు. ఆ పనివల్ల తోలుమీద రంగువేసే చేయి నిలిచింది. అది చిన్న మేలు కాదు. కాని అంగడికి పోయే బొమ్మ ఒంటరి బొమ్మ. దానికి ఎడమవైపు ఎవరున్నారో, ఏ పద్యానికి అది లేస్తుందో కొనేవానికి అక్కరలేదు. పాత మేళాల బొమ్మలు కూడా ఒకటొకటిగా సేకర్తల చేతికి, ప్రదర్శనశాలల గాజుబీరువాలకు చేరాయి. పాతబడిన బొమ్మలను నదిలో కలిపే ఆచారం కూడా ఉండడంచేత పూర్తి సమూహాలు దొరకడం మరింత అరుదైంది.

ప్రదర్శనశాల బొమ్మకు సంఖ్య ఇస్తుంది. పేరు, కొలత, ప్రాంతం, సుమారు కాలం వ్రాస్తుంది. ఇవన్నీ అవసరమైనవే. కాని ఆ పట్టికను చూసి ఎవరూ ఆట ఆడలేరు. అక్కడ రాముడు ఒక సొరుగులో, ఆయన విల్లు ఎత్తిన మరొక బొమ్మ వేరొక సొరుగులో ఉంటాయి. కేతిగాడు హాస్యపాత్ర అన్న శీర్షికకింద ఎక్కడో చేరిపోతాడు. పోయినది తోలు కాదు, రంగు కాదు. చీకట్లో చేయి చాపితే బొమ్మ దొరికే ఆ క్రమం. బొమ్మలన్నీ మిగిలి వరుస పోతే, అక్షరాలన్నీ మిగిలి కావ్యం పోయినట్లే.

చిత్రాలను కంప్యూటర్లకు ఎక్కించే పని నేడు అనేక సంస్థలలో సాగుతున్నది. ఇది మంచి అదను. బొమ్మను ఛాయాచిత్రం తీసేటప్పుడే మరికొన్ని సంగతులు వ్రాసుకొంటే పెద్ద ఖర్చు కాదు. ఈ బొమ్మ ఏ మేళానిది? పెట్టెలో దీని చోటేది? పైన ఎవరు, కింద ఎవరు? ఏయే కథలలో, ఏయే పేర్లతో నడుస్తుంది? ఏ పద్యానికి లేస్తుంది, ఎవరు అందిస్తారు? తెరకు గుచ్చేదా, చేతిలో ఆడేదా? వృద్ధ కళాకారునిచేత పెట్టెను ఒకసారి విప్పించి, మళ్ళీ సర్దించి, ఆ సర్దుబాటునంతటినీ చలనచిత్రంగా తీయడం అన్నింటికంటె ముఖ్యం. తెరముందునుంచి ఆటను చిత్రించినవారున్నారు. తెరవెనుక నిలిచి, బొమ్మలు చేతులు మారే తీరును చిత్రించవలసిన అవసరం ఇంకా మిగిలే ఉన్నది. చేర్యాల పటాలకు, పటంకథకుల నోటి కథలకు కూడా ఇదే వర్తిస్తుంది. పటాన్ని నిలువునా ఒక్క ఛాయాచిత్రంగా తీస్తే అది చిత్రకళ. కథకుడు విప్పుతున్న వేగంతో, ఏ పట్టీ దగ్గర ఎంతసేపు నిలిచాడో తెలిసేట్లు తీస్తే అది కథాకళ.

ఈ పనికి కాలం తక్కువ. పెట్టెను సర్దగల చేతులు వృద్ధాప్యంలో ఉన్నాయి. కొత్తతరం వీజేలు గడులలో వెదుక్కుంటున్న జ్ఞానం ఆ చేతులలో ఉన్నది. కళాకారునికి ఫలకం, శాలువ ఇచ్చి పంపే సభలలోనే, ఆయన పెట్టెను తెరిచి వరుసను వ్రాసుకొనే ఒక పూట కూడా చేరితే, రేపు ఆ బొమ్మలను ఎవరైనా మళ్ళీ ఆడించగలుగుతారు.